ఏటి గట్టు మీద నడక: ఆ మహజరు ఎందుకు తిరగరాసినాము



పోయిన నెల మీటింగులో మాకు ఒక పని అప్పగించినారు. గుడియాత్తంలో కౌండిన్య ఏటి గట్టు మీద ఇండ్లు తీసేసిన జాగా ఖాళీగా పడి ఉంది, అక్కడ వాకింగ్ ట్రాక్ వెయ్యమని మునిసిపాలిటీకి మహజరు ఇద్దాం, రైల్వేలో జన్మంతా కాగితాలు రాసినవాళ్లు మీరే కదా, మీరే రాయండి అన్నారు. రాసినాము. ఒకటిన్నర పేజీ. టైల్సు, దీపాల స్తంభాలు, సిమెంటు బెంచీలు, రెండు కొసలా ఇనుప గేట్లు. ఉదయం 5 నుంచి 8, సాయంత్రం 4 నుంచి 8 అని వేళలు కూడా రాసేసినాము. టైపు చేయించే ముందు ఒకసారి జాగా చూసి కొలతలు వేసుకుందామని, రోజూ కలిసి నడిచే మేము నలుగురం టేపు పట్టుకుని పోయినాము.

ఆ కాగితం ఇప్పుడు లేదు. చింపేసినాము. ఎందుకు చింపినామో చెప్పకుండా ఇంకొకటి తెచ్చి మీ ముందు పెడితే న్యాయం కాదు గనక ఇంత పెద్ద పోస్టు. ఓపికగా చదవండి. తెలుగు అక్షరాలు మేము నలభై దాటినాక కూడబలుక్కుని నేర్చుకున్నవి, తప్పులుంటే సర్దుకోండి.

ముందు ఒక మాట గురించి. మన ఇండ్లల్లో ఏరు అంటే నది. గడప దాటితే తమిళంలో ఏరి అంటే చెరువు. చిన్నప్పుడు బడిలో ఈ రెండింటి మధ్య మేము పడిన తిప్పలు ఇంకా గుర్తు. ఏరిలోకి నీళ్లు ఎట్లా వస్తాయి అని వాద్యారు అడిగితే, కొండ మీద నుంచి పారుకుంటూ వస్తాయి సార్ అని చెప్పి, క్లాసంతా నవ్వితే తల దించుకున్నాము. ఇప్పుడు గట్ల మీద నడిచి చూసినాక, ఆ జవాబు అంత తప్పు కాదని అనిపిస్తా ఉంది. ఏరు నుంచి కాలవ, కాలవ నుంచి చెరువు, ఆ చెరువు మొరవ పోతే కింద ఇంకో చెరువు, చివరికి మళ్లీ ఏరు. ప్రతి దాని పక్కనా ఒక గట్టు, గట్టు మీద ఒక దావ. ఊరి చుట్టూ ఇట్లాంటి దావలు వల మాదిరి అల్లుకొని ఉన్నాయి. మనం కొత్తగా అడగబోయింది ఇదే. ఎప్పుడో ఉన్నది.

కౌండిన్యను మన ఇండ్లల్లో ఎవరూ కౌండిన్య అనరు. ఏరు అంటారు, అంతే. పలమనేరు వైపు కొండల్లో పుట్టి, ఏనుగులు తిరిగే అడవి గుండా దిగి, మోర్దానా ఆనకట్టలో కాసేపు నిలిచి, మన ఊరిని రెండుగా కోసుకుంటూ పోయి పాలారులో కలుస్తుంది. 1911లో చిత్తూరు జిల్లా వేరుపడేదాకా అది పుట్టిన చోటు, కలిసే చోటు రెండూ ఒకే ఉత్తర ఆర్కాడు జిల్లాలో ఉండేవి. తరవాత గీత గీసినారు గాని ఆ సంగతి ఏటికి ఎవరూ చెప్పలేదు. పైన పలమనేరులో వాన పడితే కింద మన గంగమ్మ గుడి దగ్గర నీళ్లు.

ఏడాదిలో చాలా నెలలు ఎండి ఉంటుంది గనక దాన్ని ఏరు అనే సంగతి మరిచిపోవడం సులువు. వైకాశి మొదటి రోజు, అంటే మే నెల నడుమ, సిరసు పండగ చూడండి. తరణంపేట ముత్యాలమ్మ గుడి నుంచి అమ్మవారి సిరసు బయలుదేరి వీధులన్నీ తిరిగి గోపాలపురం గంగమ్మ గుడికి వస్తుంది. లక్షల్లో జనం. చిత్తూరు, పలమనేరు, కుప్పం వైపు నుంచి మన బంధువులంతా ఆ రోజు మన ఇండ్లలోనే. అంత జనం నిలిచేది ఎక్కడ? ఏట్లోనే, ఇసుకలో. రాత్రి బాణసంచా చూసేదీ ఆ ఇసుకలో కూర్చునే. మేము చంక పిల్లలుగా ఉన్నప్పటి నుంచి అంతే. ఏరు మన ఊరికి నీళ్లు ఇస్తే చాలదు, కూర్చోవడానికి జాగా కూడా ఇస్తా ఉంది. మేము రాసిన మహజరులో ఇనుప గేట్లు పెట్టమన్నది సరిగ్గా ఆ జనం ఇసుకలోకి దిగే చోట. రాసేటప్పుడు మాకు తట్టనేలేదు.

సరే, నడక సంగతికి వస్తాము. తెల్లారి ఆరుకు గంగమ్మ గుడి దగ్గర మొదలు పెట్టినాము. గట్టు ఒకచోట లారీ పోయేంత వెడల్పు. వంద అడుగులు పోగానే మనిషి పక్కకు తిరిగి పోవలసినంత ఇరుకు. తీసేసిన ఇండ్ల పునాదులు ఇంకా కనిపిస్తాయి. ఒకచోట గడప రాయి ఉంది, ఇల్లు లేదు. ఒక కరివేపాకు చెట్టు ఎవరూ నీళ్లు పొయ్యకపోయినా ఏపుగా ఉంది. ఒక మిగిలిపోయిన గోడ మీద నీళ్ల మరక మా భుజాల దాకా. అది 2021 నవంబర్ మరక.

ఆ నవంబర్ మీరెవరూ మరిచి ఉండరు. మోర్దానా నిండి పొంగింది, ఏరు రెండు గట్లూ ఒరుసుకొని పారింది, తరైపాలం అంటామే ఆ నేల వంతెన మునిగి అటు మనుషులు ఇటు రాలేక, ఇటు వాళ్లు అటు పోలేక. పాలారులోనైతే వాలాజా దగ్గర ఆనకట్టలో సెకనుకు లక్ష ఘనపుటడుగులు దాటి పోయినాయి. నవంబర్ 19న పేర్నంబట్టులో ఇల్లు కూలి 9 మంది చనిపోయినారు, అందులో చిన్నపిల్లలు నలుగురు. ఇంత వరద 1903 తరవాత ఇదే అని ముసలివాళ్లు అన్నారు. ఆ ఏడు నవంబర్ 12న వాణియంబాడిలో పాలారు కొట్టుకుపోయిన వాళ్ల గుర్తుగా నిలబెట్టిన స్తంభం ఇప్పటికీ ఉంది.

రైల్వే వంతెనలను మీరు గమనించినారో లేదో, స్తంభాల మీద రంగు గీత వేసి ఇంత ఎత్తుకు నీళ్లు వచ్చినాయి అని ఏడాదితో సహా రాసి ఉంటుంది. కింద ఎంత ఎండిపోయినా ఆ గీతను మాత్రం చెరపరు. గట్టు మీది ఆ గోడ మరక ముందు నిలబడి మేము లెక్క వేసుకున్నాము: మేము అడిగిన దీపాల స్తంభాల కరెంటు పెట్టె, సిమెంటు బెంచీలు, అన్నీ ఆ మరకకు కిందనే. రైల్వేలో పనిచేసినవాళ్లం, ఆ ఒక్క గీత చూడకుండా మహజరు రాసినాము. మాకే సిగ్గు వేసింది.

మేము టేపు పట్టి కొలుస్తుంటే వెనక నుంచి ఒక గొంతు. మన వీధికి ముప్పై ఏండ్లుగా పూలు తెచ్చే ఆయమ్మ. గంప నెత్తిన పెట్టుకొని నిలబడి ఉంది.

"ఏమన్నా, మళ్లీ కొలస్తా ఉండారు? ఇంకా ఏం తీసేది ఉంది ఈడ?"

"తీసేదానికి కాదమ్మా. దావ వేసేదానికి."

"ఎవురికి?"

"అందరికీ. నడిచేదానికి."

నవ్వింది. "మేముండినప్పుడు దావ ఉండె గదన్నా. మా ఇంటి ముందరే గదా మీరు ఏట్లోకి దిగేది."

గేట్లు, వేళలు అని చెప్పినాము. చెప్పకుండా ఉండాల్సింది.

"ఎనిమిదికి మూసేస్తే నేను ఎట్ల వచ్చేది? తెల్లారి నాలుగుకు నేను మార్కెట్లో ఉండాల. అప్పుడు తెరవరు. ఎనిమిదికి గంప ఎత్తుకోని వీధుల్లోకి వస్తాను. అప్పుడు మూసేస్తారు. మీరు నడిచే టైముకే గదన్నా గేటు తీసేది?"

వాళ్ల ఇల్లు ఉండింది ఆ గట్టు మీదనే. కరివేపాకు చెట్టు వాళ్లదేనా అని అడగబోయి ఊరుకున్నాము. ఇప్పుడు ఊరి బయట ఉంటా ఉన్నారు. ఆడవాళ్లకు టౌను బస్సు ఉచితమే గాని తెల్లారి నాలుగుకు బస్సు ఏది? షేరాటో. పూల మీద వచ్చే లాభంలో మొదటి ఖర్చు అది. మనవడు సైకిల్లో మెయిన్ రోడ్డు మీద లారీల మధ్య బడికి వస్తాడంట. వాడు ఇంటికి చేరేదాకా నాకు భయమే అన్నది. గట్టు వెంబడి దావ సరిగా ఉంటే వాడికి లారీలు లేవు, ఆమెకు షేరాటో లేదు.

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాల. ఆ ఇండ్లు తీసేసినప్పుడు మన సంఘంలో ఎవరూ నోరు తెరవలేదు, మేమూ తెరవలేదు. నీళ్ల దారిలో ఇల్లు ఉండకూడదు అనేది మేమూ ఒప్పుకుంటాము. ఆ నవంబర్ రాత్రులు చూసినవాళ్లు ఎవరైనా ఒప్పుకుంటారు. గాని ఖాళీ అయిన జాగాను చూసి "మనకు వాకింగుకు బాగుంటుంది" అన్నది మాత్రం మనమే. నీళ్ల కోసం ఖాళీ చేసిన జాగా నీళ్లకు పోవాల, లేకపోతే అందరికీ పోవాల. షుగరు ఉన్న నలభై మందికి గేటు పెట్టి ఇచ్చేదానికి కాదు. మాకూ షుగరు ఉంది, కోపం తెచ్చుకోకండి.

అక్కడి నుంచి నెల్లూరుపేట చెరువు కట్ట దాకా కాలవ పట్టుకుని పోదామని చూసినాము. పేరు చూడండి, నెల్లూరుపేట. ఎప్పుడో ఎవరో తూర్పు నుంచి వచ్చినవాళ్లు పెట్టిపోయినట్టు ఉంది. కాలవ గట్టు మూడు చోట్ల తెగిపోయింది. ఒకచోట కాంపౌండు గోడ కాలవలోకే దిగింది. ఒకచోట చెత్త కుప్ప, కింద కాలవ ఉందని వాసన బట్టి తెలియాల. మూడోచోట నాలుగు అంగుళాల పైపు ఒకటి గట్టు లోపలి నుంచి బయటికి వచ్చి మురుగు పోస్తా ఉంది. ఎవరిది ఇది అని గట్టిగానే తిట్టుకున్నాము. పైపు వెంబడి వెనక్కి పోయి చూస్తే మన వీధి. మన ఇండ్లు. మొదట ఎవరు కలిపినారో ఎవరికీ గుర్తు లేదు, అందరం ఒకరి తరవాత ఒకరం కలుపుకున్నాము. ఆ రోజు టేపు చుట్టేసి ఇంటికి వచ్చేసినాము.

తరవాతి వారం వేలూరులో పని పడింది. పనిలో పనిగా అక్కడ కూడా నీళ్ల వెంబడి నడిచి చూద్దామని కోట దగ్గర దిగినాము. చిన్న బొమ్మి నాయకుడి కాలం నాటి అగడ్త, చుట్టూ నడవడానికి బాగానే ఉంది, బెంచీలు ఉన్నాయి, పొద్దున్నే జనం ఉన్నారు. గాని 2021లో ఇదే అగడ్త నిండి లోపల జలకంఠేశ్వరుడి గుడిలోకే నీళ్లు వచ్చేసినాయి. పేరులోనే జలం ఉన్న దేవుడు గనక ఆయనకు ఇబ్బంది లేదేమో, భక్తులే మోకాళ్ల నీళ్లలో నడిచినారు. మిగులు నీళ్లు బయటికి పోయే పాత కాలవ ఎక్కడుంది అని అప్పుడు వెతుక్కోవలసి వచ్చింది. నీళ్ల చుట్టూ నడిచే దారి ఉంది, నీళ్లు పోయే దారి కనబడలేదు.

నిక్కల్సన్ కాలవ చూసినవాళ్లకు దాని గురించి చెప్పనవసరం లేదు. కొండల కింద పడిన వాననీళ్లను ఊరి మధ్యగా పాలారుకు చేర్చవలసిన కాలవ. పెద్ద వాన పడితే కన్సాల్‌పేట వీధుల్లోకి వస్తుంది. దాని వెంబడి నడవాలని మేము చేసిన ప్రయత్నం ముక్కు మూసుకుని పావుగంట. రెండు పక్కలా సిమెంటు గోడ ఉంది, గోడ మీద నడవలేము, పక్కన దారి లేదు. కాలవలో ఏం అడ్డం పడిందో చూడాలంటే ఎవరింటి మిద్దె మీదికైనా ఎక్కాల.

పాలారు చేరినాక మాత్రం కాసేపు కూర్చున్నాము. నంది కొండల్లో పుట్టి, కర్ణాటకలో 93 కిలోమీటర్లు, ఆంధ్రలో 33, మన తమిళనాట 222, వయలూరు దగ్గర సముద్రం. ఆ రోజు నీళ్లు లేవు. కాట్పాడి నుంచి కంటోన్మెంటుకు పోయే బండి వంతెన మీద పోయింది. దాన్ని చూస్తుంటేనే మాకు ఆ సంగతి తట్టింది, ఈ పోస్టులో అసలు చెప్పాలనుకున్నది అదే.

దానికి ముందు కొంచెం దూరం పోవాల. రెండేండ్ల కింద మా అబ్బాయి దగ్గర శాన్‌హోసేలో మూడు నెలలు ఉన్నాము. చలికాలం, అక్కడ వానలు అప్పుడే. ఇంట్లో ఏం చేస్తాము, రోజూ లాస్ గాటోస్ ఏటి వెంబడి నడిచేవాళ్లము. గ్వాడలూప్ నది వెంబడి ఇంకొకటి, కయోటీ ఏటి వెంబడి ఇంకొకటి, ఊరంతా ఇట్లాంటి దావలు. నడక వాళ్లు, సైకిళ్లు, పిల్లల బండ్లు, చక్రాల కుర్చీలు అన్నీ ఒకే దావలో, మధ్యలో పసుపు గీత. సాయంత్రం అయితే ఆ దావ నిండా మన తెలుగువాళ్లే, చీర మీద స్వెటరు, కాళ్లకు స్పోర్ట్స్ బూట్లు. ఎవరండీ మీరు, ఏ ఊరు అంటే గుంటూరు, కరీంనగర్, అనంతపురం. వేలూరు దగ్గర గుడియాత్తం అంటే అక్కడ తెలుగువాళ్లు ఉన్నారా అని ఆశ్చర్యం. అది వేరే కథ.

మొదట మేము అనుకున్నది: డబ్బున్న దేశం, నడవడానికని దావ వేసుకున్నారు. కాదు. ఆ దావలు చాలా చోట్ల వాళ్ల జలమండలి వండ్లు కాలవ గట్టు మీద తిరగడానికి ఉన్న మెయింటెనెన్సు దారులే. పూడిక తీసే యంత్రం దిగాలంటే దారి ఉండాల. ఆ దారి మీదనే జనాన్ని నడవనిచ్చినారు. క్యాంప్‌బెల్ అనే చోట ఏటి పక్కనే వరుసగా చెరువులు ఉన్నాయి. చేపలకు, బాతులకు అనుకున్నాము. నీళ్లను భూమిలోకి ఇంకించడానికంట. ఆ లోయలో బోర్లు తోడి తోడి, ఇరవయ్యో శతాబ్దంలో శాన్‌హోసే నేల 13 అడుగులు కిందికి దిగిపోయింది. ఇప్పుడు బయటి నుంచి నీళ్లు తెచ్చుకుంటూ, ఇట్లాంటి చెరువుల్లో ఇంకిస్తూ కాపాడుకుంటా ఉన్నారు. మన తాతలు చెరువు తవ్వి చేసిన పనే. ఆ కట్ట మీద నిలబడి మా ఆవిడ అన్నది, "నెల్లూరుపేట ఏరి మాదిరే ఉంది, కంపచెట్లే తక్కువ."

ఇంకొకటి. ఆ దావ రోడ్డు వంతెనల కింద నుంచి దూరి పోతుంది, రోడ్డు దాటే పనే లేదు. పెద్ద వాన వచ్చినప్పుడు ఆ వంతెన కింది భాగం మునుగుతుంది. మునగాలనే అట్లా కట్టినారు. ఒక గేటు అడ్డం పెట్టి మూసేస్తారు, నీళ్లు తగ్గినాక బురద ఎత్తేసి తెరుస్తారు. గేటు పెట్టేది నీళ్లు వచ్చినప్పుడు, మనుషులు వచ్చినప్పుడు కాదు.

అక్కడ అంతా బాగుందని మేము చెప్పము. 2017 ఫిబ్రవరిలో కయోటీ ఏరు పొంగి 14,000 మందిని ఇండ్ల నుంచి పంపవలసి వచ్చింది. 2014 డిసెంబర్‌లో అదే ఏటి పక్కన గుడారాలు వేసుకుని బతికే వందల మందిని ఖాళీ చేయించినారు. మేము నడిచేటప్పుడు కూడా పొదల్లో గుడారాలు కనిపించేవి. మా అబ్బాయి, అటు చూడకండి నాన్నా అనేవాడు. చూడకుండా నడవడం అంత కష్టమేమీ కాదు, రెండు రోజుల్లో అలవాటు అయిపోతుంది. ఆ అలవాటే ఇక్కడా మాతో వచ్చినట్టుంది.

ఇప్పుడు పాలారు వంతెన మీది బండి. రైలు పట్టాల పక్కన సన్నని కాలిబాట ఉంటుంది, మీరందరూ చూసే ఉంటారు. అది జనం కోసం వేసింది కాదు. కీమ్యాన్ అని ఒకాయన ఉంటాడు, భుజాన సుత్తి, చేతిలో జెండాలు, రోజూ తన వంతు మైళ్లు నడిచి ఒక్కొక్క కీ చూసుకుంటూ పోతాడు. ఆయన నడవబట్టి ఆ బాట ఉంది. ఆయన నడవడం మానేస్తే ఏడాదిలో తుమ్మకంప వచ్చేస్తుంది, బండి కూడా పోదు. మన చెరువు గట్లకూ ఒక కీమ్యాన్ ఉండేవాడు. నీరుగంటి. మా నాన్న కాలంలో ఉన్న నీరుగంటి మాకు బాగా గుర్తు, పార భుజాన వేసుకుని తెల్లారకముందే తూము దగ్గర ఉండేవాడు. కోత కాలంలో ఇంటింటికీ వచ్చి తన వంతు గింజలు తీసుకునేవాడు. గట్టు మీద ఎలుక బొక్క కనబడితే ఆ పూటే పూడ్చేవాడు. గట్టు మీద దావ ఆయన అడుగులతో వచ్చినది. మనం దాని మీద ఊరికే నడిచినాము. పంపుసెట్లు వచ్చి చెరువు నీళ్లతో పని లేకపోయినాక ఆయనకు గింజలు లేవు, గింజలు లేకపోయినాక ఆయన లేడు, ఆయన లేకపోయినాక దావ లేదు. 2017లో కుడిమరామత్తు అని గవర్నమెంటు పూడికతీత పథకం మళ్లీ తెచ్చింది. మంచిదే, కొన్ని చెరువులు బాగుపడినాయి. యంత్రం వచ్చి పోయింది. రోజూ నడిచే మనిషి మాత్రం రాలేదు.

బెంగళూరులో కోరమంగళ లోయ రాజకాలవ పక్కన కె-100 అని నడక దారి వేసినారు, మన పిల్లలు చాలామంది అక్కడ ఉన్నారు గనక అడిగి చూడండి. మెజెస్టిక్ బస్టాండు ఒకప్పుడు ధర్మాంబుధి చెరువు. చెరువు మీద బస్టాండు కట్టి, కాలవ పక్కన దారి వేసుకోవడం. ఆలస్యంగానైనా చేసినారు, అది మనకు లేదు.

ఇంత ఆలోచించి కొత్త మహజరు రాసినాము. ఇందులో టైల్సు లేవు, బెంచీలు లేవు, గేట్లు లేవు. గంగమ్మ గుడి నుంచి నెల్లూరుపేట చెరువు కట్ట దాకా తెగిపోయిన మూడు చోట్లూ కలిపి, ఒకే మట్టి దావ. పూడిక తీసే యంత్రం పోయేంత వెడల్పు, గంప ఎత్తుకున్న మనిషి, సైకిలు, చక్రాల కుర్చీ అన్నీ పోయేంత చదును. వరద వస్తే మునగనీ, దానికి తగ్గట్టే వెయ్యండి. ఆ గోడ కూల్చేసేలోపు దాని మీది మరకను ఒక రాతి మీద గీత కొట్టించి 2021 అని చెక్కించండి. పండగనాడు జనం ఇసుకలోకి దిగే చోట ఏ అడ్డమూ వద్దు. గట్టు మీద నుంచి పోయినవాళ్లు ఇప్పుడు ఉంటున్న చోటు దాకా ఆ దావను పొడిగించండి, వాళ్లు పనికి వచ్చి పోవడానికి.

చివరి పేరా మునిసిపాలిటీకి కాదు, మనకు. మన వీధి పైపును మనమే మూసేస్తాము, మురుగును వీధి డ్రైనేజీలో కలుపుకుంటాము అని రాసినాము. ఆ పేరాతో సహా సంతకాలు పెట్టాల. అది తీసేసి మిగతాది పంపుదాం అని ఇద్దరు ఇప్పటికే ఫోను చేసినారు. తీసెయ్యము. పైపు మార్చడానికి ఇంటికి ఎంత అవుతుందో మేస్త్రీని అడిగినాము, తెలియగానే ఇక్కడే పెడతాము. కట్టలేని ఇండ్లు నాలుగు ఉన్నాయి, వాళ్ల వంతు మేము నలుగురం వేసుకుంటాము.

పూల ఆయమ్మకు ఆ కాగితం చదివి వినిపించినాము. తమిళంలో రాసింది, తెలుగులో చెప్పినాము. అంతా విని, "గేటు లేదు గదా?" అని ఇంకోసారి అడిగింది. లేదు అన్నాము. వేలిముద్ర ఎందుకు, సంతకమే పెడతాను అని పెట్టింది. మొదటి సంతకం ఆమెదే.

రెండో సంతకం నుంచి మీరు. వచ్చే ఆదివారం ఉదయం ఆరుకు గంగమ్మ గుడి దగ్గర. మొదట నడక, తరవాత సంతకం. నడవకుండా సంతకం ఒద్దు. చెత్త కుప్ప దగ్గర కాళ్లు దిగబడతాయి, పాత చెప్పులు వేసుకుని రండి. కాఫీ మా ఇంట్లో.